సత్యభామ ప్రవేశానికి రెడీ అవ్వడం ఎలా: జడ దగ్గర్నుంచి మొదటి మాట దాకా

"అక్కా, మా పాపకి ఈసారి భామాకలాపంలో సత్యభామ ఇచ్చారు, జడ ఊడిపోకుండా ఎలా వెయ్యాలి?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఒక్కొక్కళ్లకీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, అందుకే ఒకేసారి రాసేస్తున్నా. తెలియనివాళ్ల కోసం: భామాకలాపం అంటే సత్యభామ కథతో ఆడే కూచిపూడి నాట్యనాటకం. జడతో మొదలుపెట్టి తెర వెనక నిలబడటం, దరువు (సత్యభామ తనని తాను పరిచయం చేసుకుంటూ ఆడే పాట), ఆ తర్వాత వచ్చే మాటలు, అన్నీ చెప్తా, ఎందుకంటే జడ గట్టిగా ఉండి మాట వణికితే అది సత్యభామ అనిపించుకోదు.

అడుగులు, అభినయం మీ గురువుగారు నేర్పిందే ఫైనల్. ఒక్కో బాణీలో ఒక్కోలా ఉంటుంది, నేను చెప్పేదానికీ వాళ్లు చెప్పినదానికీ తేడా వస్తే వాళ్ల మాటే వినండి. నేను చెప్పేది గురువులు చెప్పడానికి టైం దొరకని పక్క పనులు, గ్రీన్‌రూమ్ పనులు.

ఈ జడకి ఇంత గొడవ ఎందుకో రెండు ముక్కల్లో చెప్తా. సిద్ధేంద్రయోగి పేరుతో వస్తున్న భామాకలాపంలో సత్యభామ తెర వెనక నుంచి ముందు తన జడని చూపిస్తుంది. అది అలంకారం మాత్రమే కాదు, సవాలు. నాట్యంలో, పాటలో, శాస్త్రంలో నన్ను గెలిచేవాళ్లుంటే వచ్చి ఈ జడ కోసుకోవచ్చు అని అర్థం అని పెద్దవాళ్లు చెప్పేవారు. అలా సవాలు విసిరిన జడ మధ్యలో ఊడి కింద పడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నాకు ఊహించుకోవాల్సిన పని లేదు, నాకే జరిగింది, ఆ ముచ్చట కింద చెప్తా.

ముందుగా ఇవి దగ్గర పెట్టుకోండి

సవరం (నడుము కిందకి, తొడల దాకా వచ్చేంత పొడుగు), మందపాటి రబ్బరు బ్యాండ్లు 4, నల్ల దారం ఒక ఉండ, పెద్ద సూది, క్రాస్ పిన్నులు, U ఆకారం పిన్నులు, రాగిడి (తల వెనక పెట్టే గుండ్రటి బిళ్ల), నాగరం (దాని కింద పెట్టే పాము ఆకారం నగ), జడబిళ్లలు, జడకుప్పెలు, సూర్యుడు చంద్రుడు (పాపిడికి అటూ ఇటూ పెట్టే నగలు), పాపిడిబిళ్ల, చెంపసరాలు, వడ్డాణం, అరవంకీలు, కాసులపేరు. గజ్జెలు, వాటి కింద చుట్టుకోవడానికి రెండు మెత్తటి కాటన్ గుడ్డ ముక్కలు. సేఫ్టీ పిన్నులు మీరు అనుకున్నదానికి రెట్టింపు తెచ్చుకోండి, ఎన్ని తెచ్చినా చివర్లో ఒకటి తక్కువే అవుతుంది. కత్తెర. స్ట్రా వేసిన నీళ్ల సీసా (లిప్‌స్టిక్ చెరగకుండా).

నగలు బరువైనవి కొనకండి. పాతకాలం కూచిపూడి వాళ్లు బూరుగు లాంటి తేలిక చెక్కతో నగలు చేయించుకుని, పైన రంగు, తళుకు వేసుకునేవారు. రాత్రంతా ఆడాలి కదా, బరువు మోసేది వాళ్లే మరి. మీకు అద్దెకి తెచ్చిన సెట్టు బరువుగా ఉంటే జడబిళ్లలు సగం తగ్గించేయండి, దూరం నుంచి ఎవరూ లెక్కపెట్టరు.

1. పది రోజుల ముందు: జడతోనే ప్రాక్టీస్

అందరూ చేసే మొదటి తప్పు ఇక్కడే. నెలల తరబడి మామూలు జడతోనో ముడితోనో ప్రాక్టీస్ చేసి, ప్రోగ్రాం రోజు మాత్రం మూడడుగుల జడ తగిలిస్తారు. భ్రమరి (గిర్రున చుట్టు) తిరిగినప్పుడు మీరు ఆగినా జడ ఆగదు, అర సెకను లేటుగా వచ్చి నడుముకి తగులుతుంది, లేదంటే ఎదురుగా వచ్చి చేతిలో ముద్రకి చుట్టుకుంటుంది. దాని వేగం, బరువు మీ ఒంటికి అలవాటు అవ్వాలి.

నగలన్నీ రోజూ కట్టుకోవక్కర్లేదు. సవరం కూడా లేకపోతే పాత కాటన్ చున్నీని మూడు పాయలుగా చీల్చి జడలా అల్లి, కొసన ఒక చిన్న తాళాలగుత్తి కట్టి, మీ జడకి పిన్ను చేసుకోండి. చూస్తే నవ్వొస్తుంది కానీ బాగా పనిచేస్తుంది. తిరిగేటప్పుడు ఎవర్నీ దగ్గర నిలబడనివ్వకండి, తాళాలగుత్తి మొహానికి తగిలితే మామూలుగా ఉండదు.

2. సాహిత్యాన్ని ముందు మాటలా చదవండి

"భామనే సత్యభామనే" అని పాట మొదలవ్వగానే కాళ్లు లేచిపోతాయి, నిజమే. కానీ ముందు ఒక మూడు రోజులు అడుగు వెయ్యకుండా, రాగం తియ్యకుండా దరువు మొత్తం మామూలు మాటల్లా బయటికి చదవండి. ఎక్కడ మాట విరుగుతుంది, ఎక్కడ అర్థం పూర్తవుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకోవచ్చు, ఇవి పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి. ఆ తర్వాత ఆదితాళం చేత్తో వేస్తూ, ఎనిమిది అక్షరాల్లో ఏ మాట ఎక్కడ పడుతుందో చూసుకుంటూ చదవండి. అభినయం ఆ తర్వాతే.

చెక్ చేసుకునే పద్ధతి: మీ ఇంట్లో నాట్యం అంటే ఏమీ తెలియని మనిషికి ఒక చరణం అర్థం మీ మాటల్లో చెప్పండి. మధ్యలో తడబడితే మీకింకా అర్థం కాలేదన్నమాట, ముఖంలోకి అదేం వస్తుంది ఇంక?

3. గర్వం, కోపం ఒకటి కాదు

ఈ దరువులో సత్యభామ తనని తాను పరిచయం చేసుకుంటోంది. సత్రాజిత్తు కూతురు, కృష్ణుడు తన మాట దాటడని గట్టి నమ్మకం ఉన్న మనిషి. విరహం, అలక, ఉత్తరం రాయడం అన్నీ తర్వాత వస్తాయి. కానీ పిల్లలు చాలామంది ప్రవేశంలోనే కనుబొమలు ముడిచేసి, పెదాలు బిగించి, ఎవరి మీదో దెబ్బలాటకి వచ్చినట్టు వస్తారు. ఇంకొందరు దీనికి రివర్స్, పాట మొదలైన దగ్గర్నుంచి ఒకటే పళ్లు కనపడే నవ్వు, ఫొటోగ్రాఫర్‌కి నవ్వినట్టు.

గర్వం మెడలో ఉంటుంది, కనురెప్పల్లో ఉంటుంది. గడ్డం ఒక్క వేలు పైకి, చూపు కొంచెం కిందకి వాలి మళ్లీ నెమ్మదిగా లేవాలి. ఆవిడ ఎవర్నీ తొందరగా చూడదు, తననే అందరూ చూస్తున్నారని ఆవిడకి తెలుసు. అద్దం ముందు కూర్చుని, చేతులు వెనక్కి కట్టేసుకుని, దరువు మొత్తం ముఖంతో మాత్రమే చెయ్యండి. చేతులు లేకుండా భావం తెలిస్తే అప్పుడు చేతులు కలపండి. ప్రతి మాటకీ ఒక ముద్ర పట్టేయాలన్న కంగారు వద్దు, మూగసైగల్లా అయిపోతుంది.

నడక గురించి ఒక్క మాట. నడుము ఊపడం ఎక్కువైతే సత్యభామ పోయి ఇంకెవరో వస్తారు. పాదం నిదానంగా పెట్టండి, ఊపు దానంతటదే వస్తుంది.

మగపిల్లలు వేసేటప్పుడు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కూచిపూడి అగ్రహారంలో మగవాళ్లే ఆడవేషాలు కట్టేవారు, వేదాంతం సత్యనారాయణశర్మగారు (2012లో పోయారు) సత్యభామగా వస్తే లోపల మగమనిషి ఉన్నాడని చూసేవాళ్లు మర్చిపోయేవారని చెప్పుకుంటారు. ఆడవాళ్లని వెక్కిరించినట్టు, అతిగా మెలికలు తిరిగితే నవ్వులాటకి తప్ప ఎందుకూ పనికిరాదు.

4. జడ వెయ్యడం (నిదానంగా చదవండి)

ప్రోగ్రాం రోజు తలస్నానం చెయ్యకండి. షాంపూ పెట్టిన జుట్టు జారిపోతుంది, పిన్ను నిలవదు. ముందు రోజు చేసి, ఆ రోజు పొద్దున కాస్త నూనె రాసుకుంటే పట్టు దొరుకుతుంది.

పాపిడి తీసి, జుట్టంతా మెడకి కొంచెం పైన పోనీటెయిల్‌లా బిగించి రెండు బ్యాండ్లు వెయ్యండి. ఇప్పుడు అసలు కిటుకు. సవరాన్ని పైనుంచి పిన్నులు గుచ్చి వదిలేస్తారు చాలామంది, అలా చెయ్యొద్దు. పోనీటెయిల్‌లో నుంచి వేలెడు మందం పాయ ఒకటి విడదీసి, సవరం పైన ఉండే ఉంగరం లాంటి తాడులోంచి దూర్చి లాగి, పోనీటెయిల్ మొదట్లో రెండు చుట్లు తిప్పి ఇంకో బ్యాండ్ వెయ్యండి. ఆ పైన క్రాస్ పిన్నులు ఎదురెదురుగా, ఒకదాని మీద ఒకటి కత్తెరలా గుచ్చండి. ఇప్పుడు బరువు పిన్నుల మీద కాకుండా మీ జుట్టు మీద పడుతుంది.

తర్వాత మీ జుట్టు, సవరం కలిపి మూడు పాయలుగా అల్లుకుంటూ వెళ్లండి. పైన బిగువుగా, కిందకి వచ్చేకొద్దీ కాస్త వదులుగా. కొసన దారంతో కట్టి జడకుప్పెలు తగిలించండి.

జడబిళ్లలని హుక్కులకి వదిలెయ్యకుండా ఒక్కో బిళ్లని సూదీ దారంతో జడకి రెండు కుట్లు వేసెయ్యండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. పైన నాగరం, దాని మీద రాగిడి. సూర్యుడు మీ కుడివైపు, చంద్రుడు ఎడమవైపు. అద్దంలో చూసి పెడితే తారుమారు అవుతుంది, పెట్టేవాళ్లకి మీ కుడి చెయ్యి ఎత్తి చూపించండి.

చిన్న జుట్టు ఉన్నవాళ్లకి, మగపిల్లలకి: పోనీటెయిల్ రాకపోతే తల చుట్టూ నల్ల గుడ్డ బిగించి కట్టి దాని మీద విగ్గు, ఆ విగ్గుకి సవరం కుట్టేయడమే దారి. గుడ్డ లేకుండా విగ్గు పెడితే చెమటకి వెనక్కి జారుతుంది.

జడ గట్టిగా ఉందో లేదో ఎలా చూడాలి? నగలు పెట్టకముందే ఒకసారి, పెట్టాక ఒకసారి: పదిసార్లు ఎగరండి, రెండు వైపులా మూడేసి భ్రమరులు తిరగండి, నడుము వంచి తల కిందకి దించి లేవండి. ఇంకెవరినైనా జడ కొస పట్టుకుని మెల్లగా కిందకి లాగమనండి. నెత్తి మీద అంతటా సమానంగా లాగినట్టు అనిపిస్తే బాగున్నట్టు. ఒకే చోట సూదిలా గుచ్చినట్టుంటే అక్కడ పిన్ను తప్పు పడింది, ఓర్చుకుందాంలే అనుకోకండి, గంట తర్వాత తలనొప్పితో కళ్లు తిరుగుతాయి.

నా కథ ఇదే. నా రెండో ప్రోగ్రాంలో మేకప్ చేసిన మనిషి హడావిడిలో ఉన్నారు, సవరాన్ని పిన్నులతోనే నిలబెట్టారు, నేను కూడా ఎగిరి చూసుకోలేదు. దరువులో రెండో చరణం దగ్గర తల వెనకాల ఏదో తేలిగ్గా అయింది. చూస్తే జడ నా వీపు మీద ఒక్క పిన్నుకి వేలాడుతోంది. మాధవి (సత్యభామ చెలికత్తె) వేసిన అమ్మాయి తెలివైంది, చెలికత్తె జడ సవరిస్తున్నట్టు వచ్చి వెనకాల పట్టుకుని నిలబడింది, నేను ఆ చరణం అంతా కదలకుండా ముఖంతోనే లాగించేశా. చూసినవాళ్లలో సగం మంది అది నాటకంలో భాగమే అనుకున్నారు. అందుకే మాధవి వేసేవాళ్ల నడుములో నాలుగు పిన్నులు ఎప్పుడూ దోపి ఉంచమని చెప్తాను.

5. ముఖానికి

ఇది ఎక్కువ చెప్పను, మీకు అలవాటైనదే వాడుకోండి. ఒక్క హెచ్చరిక మాత్రం: పాతకాలంలో వేషగాళ్లు ముఖానికి పచ్చగా హరిదళం పూసుకునేవారు, సంప్రదాయం కదా అని ఇప్పుడు ఎవరైనా తెచ్చిస్తే వద్దనండి. అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజం, విషం. పాన్‌కేకో పాన్‌స్టిక్కో చాలు. కొత్త బ్రాండ్ అయితే ముందు రోజే మోచేతి మడతలో రాసి చూసుకోండి.

పారాణి గజ్జెలు కట్టడానికి కనీసం అరగంట ముందు పెట్టి ఆరనివ్వండి, లేకపోతే స్టేజీ మీద ఎర్ర పాదముద్రలు, డ్రెస్సు కుచ్చిళ్ల మీద మరకలు.

6. వడ్డాణం, గజ్జెలు

వడ్డాణం కట్టేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకుని ఫొటోకి నిలబడ్డట్టు నిలబడతారు అందరూ. రివర్స్‌లో చెయ్యండి. ఊపిరి నిండా తీసుకుని, పొట్ట బయటికి వచ్చినప్పుడు కట్టించుకోండి. తర్వాత మీరు డైలాగులు చెప్పాలి, ఊపిరి ఆడాలి. కట్టాక ఒక పద్యం గొంతెత్తి చదివి చూడండి, చివరి పాదం దాకా వచ్చిందా లేదా అని.

గజ్జెల కింద కాటన్ గుడ్డ చుట్టి, చీలమండకి కాస్త పైన కట్టుకోండి. ఎముక మీద కడితే రేపు పొద్దున కాలు కింద పెట్టలేరు. ముడి లోపలి వైపు కాకుండా బయటి వైపు ఉండాలి, లోపల ఉంటే రెండో కాలి గజ్జెలకి చిక్కుకుంటుంది. కట్టుకున్నాక తకధిమి మూడు కాలాల్లో (అంటే మూడు వేగాల్లో) కొట్టి చూడండి. మూడో కాలంలో అడుగు ఆగిన తర్వాత కూడా గజ్జెలు గలగలా అంటుంటే వదులుగా ఉన్నట్టు.

7. తెర

ఇద్దరు తెర పట్టుకుంటారు. ఎవరో ఒకర్ని ఆ రోజు పిలిచి పట్టుకోమంటే కుదరదు, వాళ్లకి కూడా రిహార్సల్ కావాలి. పై అంచు మీ భుజాల ఎత్తులో ఉండాలి. ఒకళ్లు పొడుగు, ఒకళ్లు పొట్టి అయితే తెర ఏటవాలుగా కనపడుతుంది, ఒకే ఎత్తు వాళ్లని చూసుకోండి.

మీరు ప్రేక్షకులకి వీపు పెట్టి నిలబడి, జడని తెర మీదుగా బయటికి వెయ్యాలి. ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఒకటి, జడని తాడులా గుప్పిట్లో పట్టి విసరడం. అలా కాదు, మెడ వెనక నుంచి అరచెయ్యి జడ కిందగా జార్చుకుంటూ, పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి తెర మీద వాల్చండి. రెండోది, తెర గుడ్డ. జరీ, అద్దాలు, లేసు ఉన్న తెర అయితే జడబిళ్ల కొక్కెం అందులో ఇరుక్కుంటుంది, తెర తీసేవాళ్లు తెరతోపాటు మిమ్మల్ని కూడా లాక్కుపోతారు. అంచు సాదాగా ఉన్న శాటిన్ గుడ్డ మంచిది. జరీ తెరే ఉందంటే పై అంచుకి ఒక జానెడు సాదా పట్టీ కుట్టించండి.

తెర ఎప్పుడు తీయాలో నట్టువాంగం చేసేవాళ్లకీ (తాళాలు కొడుతూ ఆట నడిపేవాళ్లకీ) తెర పట్టినవాళ్లకీ ఒకే గుర్తు ఉండాలి, కంటి సైగ కాదు, ఫలానా జతి (తకధిమి లాంటి అడుగుల మాటల వరస) ముగింపు అని.

8. దరువు అయ్యాక మాట

నేను అన్నిటికంటే ఎక్కువ మొత్తుకునేది దీని గురించే. దరువు బ్రహ్మాండంగా చేస్తారు, చప్పట్లు పడతాయి, ఆ తర్వాత మాధవి "మీరెవరమ్మా" అని అడిగితే రొప్పుతూ, రికార్డులో వచ్చే మాటకి పెదాలు కలుపుతూ నిలబడతారు. భామాకలాపం కేవలం డాన్సు ఐటమ్ కాదు, నాటకం. మాట మీదే అయితే ఆ సీన్ రుచే వేరు.

ఉదాహరణకి మొగుడి పేరు చెప్పే సన్నివేశం తీసుకోండి. మాధవి నీ భర్త పేరేంటని అడుగుతుంది, సత్యభామకి ఆ పేరు నోటితో చెప్పడానికి సిగ్గు. ఇందాకటిదాకా అంత గర్వంగా నిలబడ్డ మనిషి ఒక్కసారిగా పైట కొంగు వేలికి చుట్టుకుంటుంది, చెప్పబోయి ఆగుతుంది, సైగలతో చెప్పబోతుంది. ఆ ఆగడం ఎంతసేపో రికార్డు నిర్ణయించకూడదు, ఎదురుగా కూర్చున్నవాళ్లు నవ్వుతుంటే ఇంకాస్త సాగదీయాలి, మాధవి ఇంకో మాట ఎక్కువ అనాలి. రికార్డుతో అది జరగదు.

ప్రాక్టీస్ ఇలా: దరువు పూర్తిగా, గజ్జెలతో చేసి, వెంటనే ఒక్క సెకను కూడా ఆగకుండా మొదటి డైలాగు చెప్పండి. రొప్పు వస్తే చివరి జతిలో గెంతులు తగ్గించమని గురువుగారిని అడగండి, లేదా తీర్మానం (జతి ముగింపు) అయ్యాక నాలుగు అడుగుల నడక పెట్టుకోండి, ఆ నడకలో ముక్కుతో ఊపిరి తీసుకోవచ్చు, చూసేవాళ్లకి అది ఠీవిలా కనపడుతుంది.

గొంతు అస్సలు నిలవని చిన్నపిల్లలైతే పాట రికార్డు పెట్టుకుని, మాటలు మాత్రం వాళ్లతోనే చెప్పించండి. అదీ కుదరకపోతే ఒక్క రెండు డైలాగులైనా. యాస గురించి భయపడకండి, కానీ "శ", "ష", "స" తేడా, ఒత్తులు వినపడాలి.

మైకు సంగతి: కాలర్ మైకు కాసులపేరు పక్కన పెడితే ప్రతి అడుక్కీ టకటకమని కొడుతుంది. జడ ముందుకి వేసుకునే భుజానికి అవతలి వైపు, నగ తగలని చోట పెట్టించండి. నగలన్నీ వేసుకున్నాకే సౌండ్ చెక్ చెయ్యండి.

9. ఫోన్‌తో మూడు పరీక్షలు

ఆఖరి రిహార్సల్ వీడియో తీయించుకోండి. ఒకసారి సౌండ్ లేకుండా చూడండి: పాట వినపడకపోయినా ఈవిడ గర్వం, ఈవిడ జడ, ఈవిడ ఇల్లు తెలుస్తున్నాయా? ఇంకోసారి ఫోన్ బోర్లా పెట్టి వినండి: గజ్జెల దెబ్బ తాళం మీద పడుతోందా, మాట చివరి అక్షరం మింగేస్తున్నారా? మూడోది, నేల మీద సుద్దముక్కతో మీరు మొదలుపెట్టిన చోట ఒక గుర్తు గీసుకుని, దరువు అయ్యాక ఎక్కడ తేలారో చూసుకోండి. మూడడుగుల కంటే ఎక్కువ పక్కకి జరిగిపోతే తెలియకుండా ఒక కాలి మీదే బరువు వేస్తున్నారు. స్టేజీ మీద అలా జరిగితే లైటు బయటికి పోతారు.

ప్రోగ్రాం అయ్యాక

ఇంటికి వెళ్లాక తీద్దాంలే అనుకోకండి. ముందు గజ్జెలు, తర్వాత వడ్డాణం, ఆ తర్వాత జడబిళ్లల కుట్లు కత్తిరించాలి. కత్తిరించేవాళ్ల చేతిలో కత్తెర, మీ తల నిద్రలో ఊగుతూ ఉంటుంది కాబట్టి కూర్చుని, గోడకి ఆనుకుని తీయించుకోండి. పాయ దూర్చిన చోట బ్యాండ్లని లాగొద్దు, కత్తిరించేయండి. ముఖానికి కొబ్బరినూనె రాసి పాత కాటన్ గుడ్డతో తుడవండి. నగలు చెమట తగిలి నల్లబడతాయి, ఒక్కోటీ పొడిగుడ్డతో తుడిచి విడివిడిగా చుట్టి పెట్టండి. సవరాన్ని ఆ రాత్రే కొస నుంచి పైకి దువ్వి, వదులుగా అల్లి పెట్టండి, తెల్లారేదాకా చిక్కులతో వదిలేస్తే ఇంక అది దువ్వెనకి లొంగదు.